పిల్లను ఒడిల పెట్టుకునే ముందు పాస్‌పోర్టు చూసుకోండ్రి

ఎడిటర్ గారికి నమస్తే.

మాది హన్మకొండ. మా మామయ్య బతికున్న రోజుల నుంచి మీ పేపరు మా ఇంటికి వస్తది, చదువుడే తప్ప రాసుడు ఎన్నడు లేదు, ఇదే మొదటి ఉత్తరం. జర పొడుగైతది, ఏమనుకోవద్దు. జాగ సరిపోకపోతే మా ఇంటి ముచ్చట్లు తీసెయ్యండ్రి గని పాస్‌పోర్టు సంగతి, కోర్టు సంగతి మాత్రం తియ్యొద్దని దండం పెట్టి అడుగుతున్న.

పోయిన ఆదివారం మా కాలనీల ఉండే రిటైర్డ్ సారొకాయన స్వీట్ల డబ్బ పట్టుకొని ఇంటికి వచ్చిండు. కెనడాల ఉన్న వాళ్ల బిడ్డకు రెండో కాన్పుల బాబు పుట్టిండట. ఇక్కడ కొడుకు కోడలికి పెండ్లయి పన్నెండేండ్లయినా పిల్లలు లేరు కాబట్టి ఆ బాబును వాళ్లకే ఇస్తున్నరట, ఉగాది వరకల్లా తీసుకొస్తున్నరు, "మీరు గిట్లనే తెచ్చుకున్నరు గదమ్మా, ఏమేం కాయితాలు రాయించుకున్నరు, ఏ వకీలు దగ్గరికి పోయిన్రు" అని ఎంతో సంబరంగ అడుగుతున్నడు. నా నోటికెళ్లి మాట రాలే. లోపటికి పోయి మా ఆయనను పిలిచిన. ఇద్దరం కలిసి ఆ సారును కూసోబెట్టి రెండు గంటలు చెప్పినం. ఆయన పోయేటప్పుడు "ఇదంతా మాకెవ్వరు చెప్పలేదేందమ్మా" అన్నడు. అవును, మాకు గూడ ఎవ్వరు చెప్పలే. అందుకే రాస్తున్న.

మాకు 2006ల పెండ్లయింది. పదిహేనేండ్లు పిల్లలు లేరు. ఇక్కడ చూపించుకున్నం, హైదరాబాద్ల చూపించుకున్నం, మూడుసార్లు ఐవీఎఫ్ చేయించుకున్నం, ఆ బాధలు పడ్డోళ్లకు చెప్పనక్కర లేదు, పడనోళ్లకు చెప్పినా తెల్వదు, అది వదిలేస్త. నా చెల్లె, మరిది అమెరికాల టెక్సాస్ రాష్ట్రం డాలస్‌ల ఉంటరు, ఇద్దరు హెచ్‌వన్‌బీ మీద పోయినోళ్లే, ఇద్దరు మొగపిల్లలు. మళ్ల నెల తప్పినప్పుడు చెల్లె ఫోన్ చేసి "అక్కా, ఈ కాన్పు నీకు" అన్నది. ఆ ఒక్క మాటకు నేను వంటింట్ల కింద కూలబడి ఏడ్చిన. 2021 జూలైల ఆడపిల్ల పుట్టింది. కరోనా టైం కాబట్టి నేను పోలేకపోయిన, పుట్టిన గంటకు వీడియోల చూసిన.

ఇండ్ల చుట్టాల పిల్లను పెంచుకునుడు అంటే మనకు కొత్త కాదు గదా. మా బాపును ఐదేండ్ల పిల్లగాడప్పుడు పరకాల దిక్కు వాళ్ల పెదనాన్నకు దత్తతిచ్చిన్రు. ఒక్క కాయితం లేదు. చాటల బియ్యం పోసి అందుల పిల్లగాన్ని నిలబెట్టి, ఊరోళ్లందరి ముందు "ఇగ వీడు నీ కొడుకు" అన్నరట, గంతే. బాపు ఎనభై ఏండ్లు ఆ ఇంటి కొడుకుగనే బతికిండు, భూమి ఆయన పేరు మీదికే వచ్చింది, ఒక్కలు నోరెత్తలే. మేము ఆ ఇంట్ల పుట్టి పెరిగినోళ్లం కాబట్టి మా బుర్రల దత్తత అంటే అదే. మనోళ్ల పిల్లనే, ఇచ్చేటోళ్లు సంతోషంగ ఇస్తున్నరు, తీసుకునేటోళ్లు సంతోషంగ తీసుకుంటున్నరు, మధ్యల సర్కారుకు ఏం పని అనుకున్నం. అది మా తప్పే, ఎవ్వరిని అనను.

2022 ఏప్రిల్ల చెల్లె పాపను తీసుకొని శంషాబాద్ల దిగింది. తొమ్మిది నెలల పిల్ల. చెల్లె బయటికి వస్తనే ట్రాలీ ఆడ్నే ఆపి పాపను నా చేతులల్ల పెట్టి పక్కకు జరిగింది. కార్ల కూడా ముందు సీట్ల కూసున్నది, వెనుకకు తిరిగి చూడలే. భువనగిరి దాటినంక పాప ఏడుపు అందుకున్నది, సీసా పెడితే నోట్ల పెట్టుకుంటలేదు, ఏం చేసినా ఊకుంటలేదు. అప్పుడు చూసిన, ముందు సీట్ల చెల్లె చున్నీ గట్టిగ చుట్టుకొని కూసున్నది, పిల్ల ఏడుపుకు దానికి పాలు వచ్చి డ్రెస్ అంత తడిసిపోయింది, కండ్ల నీళ్లు తుడుసుకుంట "అలవాటు కానీ అక్కా, నేను తీసుకుంటే ఎట్లయితది" అంటున్నది. జనగామ కాడ బండి ఆపించి నేనే పాపను దానికి ఇచ్చిన. ఆ పది నిమిషాలు మేమిద్దరం ఒక్క మాట మాట్లాడుకోలే. ఎవరన్నా "ఇచ్చేటోళ్లకేంది, ముగ్గురుల ఒకల్ని ఇచ్చిన్రు" అంటే నాకు ఆ జనగామ బస్టాండ్ ముంగట ఆగిన కారు యాదికొస్తది.

ఇంటికొచ్చినంక మంచి రోజు చూసి పంతులును పిలిచి హోమం చేయించినం. అత్తమ్మ చాటల బియ్యం పోసింది. చెల్లె, మరిది తరఫున అన్నీ చెప్పించి పాపను ఒడిల పెట్టిన్రు. తర్వాత ఒకాయన వకీలు దత్తత దస్తావేజు రాసిండు, దాన్ని రిజిస్ట్రేషన్ కూడా చేయించినం. ఆ దస్తావేజుకు పాప పుట్టిన సర్టిఫికెట్ జత చేసినం, దాని మీద టెక్సాస్ అని పెద్దక్షరాలతోటి ఉన్నది. ఆఫీసుల అది చేతులల్ల పట్టుకొని చూసినోళ్లు, రాసినాయన, సాక్షి సంతకాలు పెట్టినోళ్లు, ఒక్కలంటే ఒక్కలు "ఈ పిల్ల ఏ దేశం పౌరురాలు" అని అడగలే. ఫీజు కట్టినం, ఫొటో దిగినం, వేలిముద్రలు పెట్టినం, అయిపోయింది అనుకున్నం.

నేను తర్వాత తెల్సుకున్నది ఏందంటే, మనం హోమం చేసి దస్తావేజు రాసుకునేది 1956 నాటి హిందూ దత్తత చట్టం కింద వస్తది. దాంట్ల హోమం తప్పనిసరి కాదు, కన్నోళ్లు పిల్లను చేతులతోటి ఇయ్యాలె, పెంచుకునేటోళ్లు చేతులతోటి తీసుకోవాలె, అదే అసలు. పిల్లకు పదిహేనేండ్లు నిండొద్దు, ఆడపిల్లను తండ్రి దత్తత తీసుకుంటే వాళ్ల మధ్య ఇరవై ఒక్కేండ్ల తేడా ఉండాలె, ఇట్ల కొన్ని ఉన్నయి. ఈడ పుట్టి ఈడనే ఉన్న మన పిల్లలకు ఇది నడుస్తది. కానీ మా పాప అమెరికాల పుట్టింది కాబట్టి అమెరికా పౌరురాలు, అట్ల దేశం దాటే దత్తత అన్నప్పుడు 2015ల వచ్చిన జువనైల్ జస్టిస్ చట్టం ముందుకొస్తది. దేశాల మధ్య జరిగే దత్తతలన్నీ ఆ చట్టం ప్రకారమే జరగాలె అని దాంట్ల 56వ సెక్షన్ల రాసి ఉన్నది. దాని కింద ఢిల్లీల కారా అని కేంద్ర దత్తత వనరుల సంస్థ ఉంటది, దాని తొవ్వలనే పోవాలె. మా చేతులల్ల ఉన్న దస్తావేజు ఆ తొవ్వల మాకు పనికి రాలే.

రెండేండ్లు మాకు ఏ కష్టం లేదు. పాపకు ఓసీఐ కార్డు (వేరే దేశం పౌరసత్వం ఉన్న మనోళ్లకు మన సర్కారు ఇచ్చేది) ఉన్నది కాబట్టి ఈడ ఉండనీకె ఇబ్బంది లేదు. 2024 ఫిబ్రవరిల మేడారం జాతరకు పోయే ముందు మొక్కు చెల్లించనీకె బెల్లం దుకాణంల పాపను తక్కెట్ల కూసోబెట్టినం. పన్నెండున్నర కిలోల నిలువెత్తు బంగారం. తక్కెడ కదులుతుంటే పాప భయపడి నా కొంగు పట్టుకుంటే కొంగు బరువు గూడ కలుస్తున్నదని దుకాణమాయన నవ్విండు, నేను కొంగు ఇడిపించలే, ఆ బరువుకు గూడ బెల్లం పెట్టు అన్న. సమ్మక్కకు పదిహేనేండ్ల మొక్కు అది.

ఆ జూన్ల నర్సరీల వేద్దామని పోయినం. అడ్మిషన్ ఫారంల తల్లి పేరు కాడ నా పేరు రాసిన, సర్టిఫికెట్ల చెల్లె పేరు ఉన్నది. ఆ మేడం మంచిదే, దస్తావేజు చూపిస్తే సీటు ఇచ్చింది కానీ "రికార్డుల సర్టిఫికెట్ల ఉన్న పేరే ఎక్కుతది" అన్నది. అంటే బడి రిజిస్టర్ల నేను తల్లిని కాదు. ఆ రోజు ఇంటికొచ్చి ఎవ్వరికి చెప్పలే. తర్వాత ఆరు నెలలకు పాప ఉయ్యాల మీదికెళ్లి పడి మోచెయ్యి విరిగింది. రాత్రి తొమ్మిది దాటింది, ఒక ప్రైవేటు దవఖానకు ఉరికినం, ఆపరేషన్ చెయ్యాలె అన్నరు, ఐడీ అడిగితే తొందరల పాస్‌పోర్టు ఇచ్చిన. దాంట్ల ఇంటి పేరు వేరే, దేశం వేరే. మీరెవరు, కన్న తల్లిదండ్రులు ఎక్కడ, వాళ్ల సంతకం కావాలె అని పట్టుబట్టిన్రు. డాలస్‌ల అప్పుడు పొద్దున, చెల్లె ఆఫీసుల మీటింగ్‌ల ఉండి ఫోన్ ఎత్తలే. నలబై నిమిషాలు. పాప నా భుజం మీద "అమ్మా నొప్పి, అమ్మా నొప్పి" అని ఏడుస్తున్నది, ఆ పిల్ల అమ్మా అని పిలుస్తున్న మనిషి సంతకం ఆ దవఖానల చెల్లుత లేదు. ఆఖరికి చెల్లె వీడియోల మాట్లాడి, మెయిల్ పెట్టినంక లోపటికి తీసుకపోయిన్రు.

దవఖానోళ్లను తప్పు పట్టను, వాళ్లకు వాళ్ల భయం ఉంటది. కానీ ఆ రాత్రి మా ఆయనకు అర్థమైంది, రేపు మాకేమన్నా అయితే ఈ పిల్ల కాయితాల మీద ఎవ్వరికి ఏం కాదని. ఇంకొకటి గూడ ఉన్నది. పదహారేండ్ల లోపు పిల్లలకు అమెరికా పాస్‌పోర్టు ఐదేండ్లే నడుస్తది, మా పాపది ఈ సెప్టెంబర్తోటి అయిపోతది, మళ్ల తీయాలంటే అమ్మానాన్నలిద్దరి ఒప్పుకోలు కావాలె. వాళ్ల లెక్కల అమ్మానాన్న అంటే చెల్లె, మరిదే. ప్రతి ఐదేండ్లకు మేము వాళ్ల సంతకం కోసం చెయ్యి చాపాలె, వాళ్లు ఇయ్యరని కాదు, పిల్ల మాదైనప్పుడు ఎందుకు అడగాల్సి రావాలె.

అప్పుడు తిరుగుడు మొదలుపెట్టినం. అదాలత్ కాడ ఇద్దరు వకీళ్లను, హైదరాబాద్ల ఒకామెను కలిసినం. ఒక ఆఫీసుల అయితే "అమెరికా పాస్‌పోర్టు ఉన్నదంటే అదృష్టం గదమ్మా, దాన్ని కొట్లాడి పోగొట్టుకుంటరా" అని పంపేసిన్రు. చుట్టాలల్ల గూడ చానమంది ఇదే మాట అన్నరు. పాస్‌పోర్టు గురించి కాదు నా బాధ. రాత్రి జ్వరం వస్తే సంతకం పెట్టే హక్కు గురించి.

2022 సెప్టెంబర్ నుంచి దత్తత ఆర్డర్లు కోర్టుకు బదులు కలెక్టర్ ఇస్తున్నరు. అందుకని కలెక్టరేట్ల బాలల రక్షణ విభాగం, డీసీపీయూ అంటరు, అక్కడికి పోయినం. అక్కడున్న ఒక మేడం (పేరు రాస్తే ఆమెకు ఇబ్బంది అయితదేమో) మొదటిసారి మాకు సీదా చెప్పింది. చుట్టాల పిల్లను దత్తత తీసుకోనీకె చట్టంల వేరే పద్ధతి ఉన్నది, కానీ చట్టం దృష్టిల చుట్టం అంటే అమ్మ దిక్కు, నాన్న దిక్కు పెదనాన్నలు, చిన్నాన్నలు, పెద్దమ్మలు, చిన్నమ్మలు, మేనమామలు, మేనత్తలు, తాతలు, నానమ్మలు, అమ్మమ్మలు, గంతవరకే. మీరు ఆ లెక్కల వస్తరు, కానీ మీ పిల్ల ఇండియా పౌరురాలు కాదు గదా, మా పోర్టల్ల మీకు దారి లేదు అన్నది. అన్నంక ఆమె గూడ కండ్లు దించుకున్నది.

అదే రోజులల్ల, 2025 జూలైల, బాంబే హైకోర్టు తీర్పు వచ్చింది. పుణె దిక్కోళ్లు, అచ్చం మా లెక్కనే, అమెరికాల పుట్టిన చుట్టాల బాబును పసితనంలనే తెచ్చుకొని పెంచుకున్నరు. కారాల రిజిస్టర్ కాకపోతే కోర్టుకు పోయిన్రు. ఆ బాబు మన చట్టం చెప్పే రక్షణ అవసరమైన పిల్లల కిందికి రాడు, నేరంల చిక్కుకున్న పిల్లల కిందికి రాడు, కన్నోళ్లు ఇండియా వాళ్లే అయినా అమెరికా పౌరుడైన పిల్లను దత్తత తీసుకునే ప్రాథమిక హక్కు మీకు లేదు, అమెరికాల అక్కడి చట్టం ప్రకారం దత్తత పూర్తి చేసుకొని రండ్రి, పిల్లను ఇండియాకు తెచ్చుకునే పద్ధతి ఆ తర్వాతనే అని కోర్టు చెప్పింది. మా ఆయన ఆ వార్త ఫోన్ల చదివి ఫోన్ నా చేతికిచ్చి బయట అరుగు మీద కూసున్నడు. వాళ్లెవరో మాకు తెల్వదు, ఆ బాబు ఎక్కడున్నడో తెల్వదు, కానీ ఆ రోజు నేను వాళ్ల కోసం గూడ ఏడ్చిన.

ఇట్ల ఎందుకు కఠినంగ పెట్టిన్రో నాకు తెల్వక కాదు. మన ఉమ్మడి రాష్ట్రంలనే 1999ల, 2001ల తండాల ఆడపిల్లల్ని వెయ్యికి రెండు వేలకు కొని, అనాథలని కాయితాలు పుట్టించి విదేశాలకు పంపిన కేసులు బయటపడ్డయి, మన జిల్లాల లంబాడి అక్కలు ఇప్పటికీ ఆ ముచ్చట చెప్తరు. అసొంటివి ఆపనీకె 1993ల హేగ్‌ల చాన దేశాలు కలిసి ఒప్పందం చేసుకున్నయి, మనం 2003ల అందుల చేరినం, అమెరికాకు 2008 నుంచి అది వర్తిస్తది. ఆ కట్టుబాట్లు ఉండాలె. ఏ పిల్లను అమ్మొద్దు, ఏ తల్లిని మోసం చెయ్యొద్దు. కానీ ఆ చట్టం రాసినోళ్లు బయటికి పోయే పిల్లల్నే తలుసుకున్నరు, ఇంటికొచ్చే పిల్లల గురించి రాసింది చాన కొంచెం. లక్షలమంది మనోళ్లు అమెరికా, కెనడాల ఉంటున్న ఈ రోజులల్ల, అక్కచెల్లెండ్ల మధ్య, అన్నదమ్ముల మధ్య పిల్లల్ని ఇచ్చి పుచ్చుకునే మన ఆచారం ఆ చట్టంల ఎక్కడ కనపడది. చుట్టం అన్నదానికి అర్థం చెప్పినప్పుడు, ఆ చుట్టం పిల్ల వేరే దేశంల పుడితే ఏం చెయ్యాలె అన్నది గూడ చెప్పాలె గదా.

సరే, ఉన్న తొవ్వ ఏందో చెప్త, తెచ్చుకునే ఆలోచన ఉన్నోళ్లు ఇది కత్తిరించి దాచుకోండ్రి. పిల్లను ముందు తీసుకురావద్దు. ముందు మీరు ఇక్కడ మీ ఇంటి స్టడీ చేయించుకోవాలె, అంటే మీ ఆదాయం, ఆరోగ్యం, పోలీసు రిపోర్టు, ఇల్లు, మీ మనసు అన్నీ చూసి సోషల్ వర్కర్ రాసే రిపోర్టు. ఆ దేశంల పిల్ల గురించి ఒక రిపోర్టు, డాక్టర్ రిపోర్టు తయారైతయి. అవన్నీ కారాకు చేరితే హేగ్ ఒప్పందంల 5వ, 17వ అధికరణాల కింద ఇక్కడి నుంచి ఒప్పుకోలు పోతది. అక్కడ కోర్టుల దత్తత పూర్తి కావాలె. తర్వాత పిల్లకు ఆ దేశం పాస్‌పోర్టు ఉంటే మన ఎంబసీల గని కాన్సులేట్ల గని కాయితాలన్నీ చూసి వీసా ఇస్తరు, ఢిల్లీల హోం శాఖ విదేశీయుల విభాగం నుంచి క్లియరెన్స్ గూడ వాళ్ల ద్వారానే రావాలె. అప్పుడు విమానం ఎక్కించాలె. మేము విమానం ముందు ఎక్కించినం, మిగిలినయి ఇప్పుడు చేస్తున్నం.

ఇంకొక సంగతి, ఇది తెలిసినప్పుడు నాకు కడుపుల దేవినట్టయింది. ఇండియా పౌరులకు బయట దేశంల పిల్ల పుడితే, వేరే పాస్‌పోర్టు తీయకుండ, పుట్టిన ఏడాది లోపల మన కాన్సులేట్ల పేరు నమోదు చేయిస్తే ఆ పిల్ల ఇండియా పౌరురాలు అయితది. 2004 డిసెంబర్ నుంచి ఇదే రూలు. మా చెల్లె, మరిది అప్పటికి ఇండియా పౌరులే. హ్యూస్టన్ కాన్సులేట్ల ఆ ఒక్క పని చేసి ఉంటే మా కథ వేరే తీరు ఉండునేమో. కానీ డాలస్‌ల పుట్టిన పిల్లకు అమెరికా పాస్‌పోర్టు తీయకుండ ఎవరన్నా ఉంటరా, మాకెవరన్నా చెప్తే గదా. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ దిక్కు గల్ఫ్‌ల ఉన్నోళ్లకు ఈ తిప్పలు లేవు, అక్కడ పుట్టినందుకు ఆ దేశాలు పౌరసత్వం ఇయ్యవు, పిల్లకు మన పాస్‌పోర్టే వస్తది, అసొంటి పిల్లను చుట్టాలు పెంచుకోవాలంటే ఈడ డీసీపీయూ, కలెక్టర్ తొవ్వనే ఉన్నది. అందుకే అంటున్న, దుబాయ్ నుంచి వచ్చిన పిల్ల ముచ్చట విని డాలస్ పిల్లకు గూడ అదే అనుకోవద్దు. ఆ సారుకు గూడ ఇదే చెప్పినం, కెనడాల పుట్టినా అమెరికా లెక్కనే.

అక్కడి వకీలును అడిగితే, టెక్సాస్ కోర్టుల కేసు నడవాలంటే పిల్ల అక్కడ కన్నోళ్ల దగ్గర ఉంటే మంచిది అన్నడు. మూడు నెలలు ఆలోచించినం. ఎంగిలిపూల బతుకమ్మ నాడు వెయ్యి స్తంభాల గుడికి తీసుకపోయిన, చిన్న బతుకమ్మ పేర్చిచ్చిన, తంగేడు పూలు చెవులల్ల పెట్టుకొని తిరిగింది. సద్దులు అయినయి, దసరా జమ్మి పెట్టుకున్నం. పోయిన అక్టోబర్ల చెల్లె వచ్చి తీసుకపోయింది.

పాపకు మేము ఎప్పుడు అబద్ధం చెప్పలే, డాలస్ అమ్మ కన్నది, హన్మకొండ అమ్మ పెంచుతున్నది అని మాటలు వచ్చినప్పటి నుంచి చెప్తనే ఉన్నం, అది నేను మంచే చేసిన అనుకుంటున్న, లేకపోతే ఆ రోజు శంషాబాద్ల ఏం చెప్పుదునో. "డాలస్ అమ్మ ఇంటికి పోయి, జడ్జి మేడంతోటి మాట్లాడి, మళ్ల వస్తవు బిడ్డా" అన్న. "ఎన్ని రోజులు" అన్నది. దానికి ఇరవై వరకు లెక్కలొస్తయి. నేను ఏ నంబరు చెప్పాలె. లోపటికి పోయేటప్పుడు దాని పట్టీలు మెషిన్ల మోగుతయని ఇప్పి నా చేతికిచ్చింది, "నీ దగ్గర పెట్టు, వచ్చినంక ఏస్కుంట" అన్నది. అవి నా పర్సులనే ఉన్నయి.

రోజు పొద్దున ఆరున్నరకు వీడియో కాల్, వాళ్లకు రాత్రి ఏడు. నెల రోజులు నన్ను చూస్తనే ఏడ్చింది, ఇప్పుడు ఏడుస్తలేదు. ఏడుస్తలేదని గూడ బాధ అయితది. బువ్వ అనేది, ఇప్పుడు రైస్ అంటున్నది. చెల్లె మాత్రం పాపకు ప్రతి రాత్రి నా గొంతుల రికార్డు చేసి పంపిన కథ పెట్టి పండవెడుతది, నాలుగేండ్ల కింద పిల్లను ఇచ్చిన మనిషి మళ్ల రెండోసారి ఇయ్యనీకె రోజు తనను తాను తయారు చేసుకుంటున్నది, ఆమె గురించి ఏ చట్టంల రాసి లేదు.

మొన్న జనవరిల మేడారం జాతర వచ్చింది. మొక్కు ఆపొద్దని అత్తమ్మ అన్నది. చెల్లె వాళ్ల బాత్రూంల బరువు చూసే మెషిన్ మీద పాపను నిలబెట్టి వీడియోల చూపించింది, ముప్పై ఏడు పౌండ్లు. మా ఆయన కాయితం మీద లెక్క చేసిండు, పదిహేడు కిలోలకు రెండు వందల గ్రాములు తక్కువ. అదే దుకాణానికి పోయినం. ఒక దిక్కు రాళ్లు, ఒక దిక్కు బెల్లం. దుకాణమాయన పిల్ల ఏది అని అడిగిండు, ఊరికి పోయింది అన్న.

ఎడిటర్ గారూ, నేను అడిగేటియి పెద్దయి కావు. దత్తత దస్తావేజు రిజిస్ట్రేషన్ చేసేకాడ పిల్ల ఎక్కడ పుట్టింది, పాస్‌పోర్టు ఏ దేశంది అని ఒక్క ప్రశ్న అడిగే రూలు పెట్టుమని సర్కారుకు చేరేటట్టు రాయండ్రి. ఆ ఒక్క ప్రశ్న 2022ల అడిగి ఉంటే పాపకు అప్పటికి ఇంకా తొమ్మిది నెలలే, అప్పుడే తిప్పి పంపి సరి చేసుకుందుము. నాలుగేండ్లు నిండినంక పంపుడు వేరే. అట్లనే చుట్టాల పిల్లల విషయంల కారా నియమాలల్ల ఒక తొవ్వ పెట్టుమని మన ఎంపీలు పార్లమెంటుల అడగాలె. దత్తత అయ్యేదాక పెంచుతున్నోళ్లు దవఖానల, బడిల సంతకం పెట్టనీకె 1890 నాటి గార్డియన్ చట్టం కింద జిల్లా కోర్టుల అడుగొచ్చని హైదరాబాద్ వకీలమ్మ మాకు ఆఖరున చెప్పింది, ఇప్పటికే పిల్లను తెచ్చుకొని మా లెక్క గుబులుతోటి ఉన్నోళ్లు దాని గురించి మీ వకీలును అడగండ్రి. దాచుకొని కూసోవద్దు. మాలెక్క ఉన్నోళ్లు ఈ జిల్లాల ఇంకా ఉన్నరని నాకు అనిపిస్తది, ఎవ్వరు బయటికి చెప్పరు, చెప్తే పిల్లను గుంజుకపోతరేమో అని భయం, నాకు గూడ ఆ భయం ఉండె.

కెనడా సారు మొన్న మళ్ల ఫోన్ చేసిండు. టికెట్లు క్యాన్సిల్ చేసుకున్నరట, వాళ్ల బిడ్డ అక్కడ వకీలును మాట్లాడుతున్నదట. కోడలు రెండు రోజులు అన్నం తినలేదట. ఆ పిల్లతోటి నేను మాట్లాడిన, మా ఇంటికి రమ్మన్న.

వచ్చే బుధవారం మా ఇంటి స్టడీకి సోషల్ వర్కర్ మేడం వస్తున్నది. పాప రూం ఐదు నెలల నుంచి నేను సర్దలే, గోడ మీద స్కెచ్ పెన్నుతోటి గీసిన గీతలు అట్లనే ఉన్నయి, సున్నం వేయిద్దాం అని మా ఆయన అన్నడు. వద్దన్న, మేడం చూడనీ.

ఇట్లు,
పాప తల్లి,
హన్మకొండ.
(నా పేరు వేయొద్దని మనవి. కేసు నడుస్తున్నది.)